అవతలి ఒడ్డు లేని పటాలు

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, మాఘమాసం, బుధవారం. స్థలం: మక్తల్ దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి పంచాయతీ ఆఫీసు. హాజరైనవాళ్లు: మా వైపు ఇంజనీరు మేడమ్, కర్ణాటక వైపు ఇంజనీరు, ఆ ఊరి సర్పంచి, నది ఒడ్డున బావి ఉన్న కురుమల ఇంటి ఇల్లాలు, నది అవతలి ఊరి నుంచి వచ్చిన ఆమె వియ్యంకుడు, నేను.

డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే మొదలుపెడతాను. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుంటే ఎవరేమన్నారో తర్వాత దానంతటదే గుర్తొస్తుంది. కరెంటు పెద్ద లైన్ల విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ మీటింగులు ఇలాగే రాశాను. రిటైరయ్యాక మీటింగులు పోయాయి కానీ రాత పోలేదు. మాది మోత్కూరు పక్క పల్లె. ఉద్యోగం చివరి ఏళ్లు మక్తల్‌లో గడిచాయి. రాష్ట్రం వచ్చిన ఏడే రిటైరై, అక్కడే ఉండిపోయాను.

ఆ బుధవారం నాకు అక్కడ అధికారికంగా ఏ పనీ లేదు. ఇంజనీరు మేడమ్ ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. "సార్, ఊరోళ్లు మిమ్మల్ని ఎరుగుదురు, ఊరికే వచ్చి కూర్చోండి" అని ఫోన్ చేసింది. వెళ్లి కూర్చున్నాను.

విషయం ఇది. మన సబ్‌స్టేషన్‌నూ కర్ణాటక సబ్‌స్టేషన్‌నూ కలుపుతూ నది మీదుగా ఒక పెద్ద లైను వేయాలని రెండు రాష్ట్రాలూ అనుకున్నాయి. వాళ్లకు కొరత వచ్చిన రోజు మనం పంపాలి, మనకు వచ్చిన రోజు వాళ్లు పంపాలి. దారిని ఎవరి వైపు వాళ్లు సర్వే చేసి పటాలు గీశారు. రెండూ పై ఆఫీసుల్లో పాసయ్యాయి. ఆ రోజు రెండింటినీ బల్ల మీద పెట్టారు. మా పటంలో గీత నది నడుమ దాకా వచ్చి, "పక్క రాష్ట్రానికి" అని రాసి ఉన్న బాణం గుర్తు దగ్గర ఆగిపోయింది. అవతలి ఒడ్డు తెల్లకాగితం. వాళ్ల పటంలో అవతలి చేలూ బండలూ అన్నీ ఉన్నాయి, మన ఒడ్డు తెల్లకాగితం.

నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి ఎత్తయిన టవర్లు నిలబడాలి. మన టవరు నాలుగు కాళ్లలో ఒకటి సరిగ్గా ఆ ఇల్లాలి బావిలో దిగుతోంది. టవరును ముందుకు జరిపితే వరద నీళ్లు. వెనక్కి జరిపితే ఊరి ఇండ్లు. అందుకే బావి పూడ్చాలని కాగితం వచ్చింది. ఆ కాగితం మీద మాట్లాడటానికే ఈ మీటింగు.

బావి పోతే ఆమెకు ఏం పోతుందో నాకు తెలుసు. ఆమె భర్త, అతని తమ్ముడు కలిసి తవ్విన బావి అది. దాని కింద కొంచెం వేరుశెనగ, కొంచెం వరి. అంతకంటే ముఖ్యం గొర్రెలు. నది పక్కనే ఉంది కదా అని తెలియనివాళ్లు అంటారు. ఎండాకాలం కృష్ణ బండల సందుల్లోకి దిగిపోతుంది. మిగిలిన మడుగుల్లో మొసళ్లుంటాయి. నీళ్లకు దిగిన గొర్రె మళ్లీ పైకి వస్తుందన్న నమ్మకం లేదు. ఆ బావి ఉంటే మంద ఉంటుంది, లేకపోతే మందను అమ్ముకోవాలి. భర్త అప్పటికి మందను తోలుకొని అచ్చంపేట అడవి వైపు మేపుకు పోయాడు. లోపల ఫోను కలవదు. మాట ఏదైనా ఆమె ఒక్కతే చెప్పాలి.

ఆమె వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా తలుపు పక్కన నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. కారణం వియ్యంకుడు. కర్ణాటక ఇంజనీరుకు నది ఒడ్డు చూపించడానికి వెంట వచ్చిన పెద్దమనిషి ఆయన. ఆమె కూతురిని ఆయన కొడుక్కే ఇచ్చారు. ఆ ఒడ్డు ఊళ్లలో ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం.

ఆయన మీసం దువ్వుకుంటూ మొదలుపెట్టాడు. "ఏం చెల్లె, మా బావ మందెనుక అడివికి వోయి నిన్ను సర్కారుకు అప్పజెప్పిండా?"

"ఆయన గొర్లను నమ్ముకున్నడు, నువ్వు జీపెక్కి సర్కారును నమ్ముకున్నవు అన్నా. ఎవరి మంద మంచిగ మేస్తదో చూద్దం" అంది ఆమె కొంగు చాటు నుంచే.

సర్పంచి పగలబడి నవ్వాడు. "మేడమ్, గీ తీగ మా ఊరి మీదికెల్లి పోతే మాకు కరెంటు బిల్లు మాఫేనా?"

"మీ ఇంటి మీంచి పోతే ఇల్లే మాఫ్ సర్పంచ్ గారూ" అంది మేడమ్. నవ్వులయ్యాక పని మొదలైంది.

మేడమ్ మంచి మనసుతోనే వచ్చింది. బావి తప్పించే దారి ఒకటి వెతికి తెచ్చింది. నది దాటే చోటును ఎగువకు కాస్త జరిపితే బావి తప్పుతుంది. అయితే నది మీద తీగ తిన్నగా పోవాలి. ఇక్కడ జరిపితే అక్కడా జరపాలి. రెండు పటాలనూ అంచుకు అంచు ఆనించి, స్కేలు పెట్టి గీత లాగింది. పాత గీత అవతలి ఒడ్డున ఉత్త బండల మీద దిగేది. కొత్త గీత ఒక నల్లరేగడి చేను నడుమ దిగింది.

"ఇదెవరి పొలం?" అని అడిగింది మేడమ్.

కర్ణాటక ఇంజనీరు పటం మీదికి వంగి చూసి, తల తిప్పి పక్కన కూర్చున్న మనిషి వైపు చూశాడు. "ఈయనదే."

వియ్యంకుడు తువ్వాలు తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. కర్ణాటక ఇంజనీరు గొంతు సవరించుకొని, "మా పటం పాసైపోయింది మేడమ్. మార్చాలంటే మీ వైపు నుంచి మాకు రాసి అడగాలి" అన్నాడు.

"మాదీ పాసైంది. మీ వైపు ఇబ్బంది లేదని మీరు ముందు రాస్తే..." అంది మేడమ్.

ఇద్దరూ ఆగారు. అప్పుడు తలుపు దగ్గర నుంచి ఆ ఇల్లాలి గొంతు వినిపించింది.

"జరిపే పని లేదు మేడమ్. గా బాయిల నీళ్లు లేవు."

"లేవా? ఎప్పట్నుంచి?"

"ఎప్పటిసందో. పాడువడ్డ బాయి. పూడ్చుకోండ్రి."

అంతకు ముందు వారమే నేను ఆ బావి నీళ్లు తాగాను. సర్పంచి నోరు తెరవబోయి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. ఆమె నా వైపు కూడా ఒకసారి చూసింది. ఆ చూపుకు అర్థం అడగాల్సిన పని లేకపోయింది. వియ్యంకుడు నేల చూస్తున్నాడు. మేడమ్ "బావి ఎండినది" అని రాసుకుంది. కర్ణాటక ఇంజనీరు ముఖం తేలికపడి, చాయ్ తెప్పించమన్నాడు. తెల్లారి పొద్దున్నే రెండు వైపులవాళ్లూ కలిసి వచ్చి బావి దగ్గర ముగ్గు పోసి గుర్తులు పెట్టాలని నిర్ణయమైంది.

మధ్యాహ్నం నేను మక్తల్ బస్సెక్కకుండా నది వైపు నడిచాను. ఆమె బావి దగ్గరే ఉంది. లేగదూడకు నీళ్లు తోడుతోంది. బొక్కెన పైకి వచ్చేటప్పుడు నీళ్లు అంచుల మీంచి ఒలికి, లోపల పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏందమ్మా, గట్లంటివి?" అన్నాను.

ఆమె తాడు చుట్టి బావి చుట్టూ ఉన్న ఒర మీద పెట్టింది. "సారూ, నీకు బిడ్డలున్నరా?"

"ఉంది. ఒక్కతే."

"ఏ ఊరికిచ్చినవు?"

"నకిరేకల్."

"వాళ్లనెన్నడన్న నోరు తెరిచి ఏమన్న అడిగినవా?"

ఆలోచించాను. అడగలేదు. వాళ్లింట్లో పెళ్లికి వెళ్లి, ఉప్పు తక్కువైతే కూడా అడగకుండా తిని వచ్చిన మనిషిని. పిల్లనిచ్చిన ఇంటిని అడగకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. మా బాపు అడగలేదు, నేనూ అడగలేదు, అంతే.

"మీ వియ్యంకుడు మంచోడే గద" అన్నాను.

"మంచోడే. అడిగితే కాదనడు. కాదనడని ఎర్కుండే అడగలే." కాసేపు దూడ వీపు నిమిరింది. "ఆయన ఇస్తడు సారూ. ఇచ్చినంక ఆయన మర్చిపోతడు. ఆయన పెండ్లాం, మా వదిన, మర్చిపోదు. పొయ్యి కాడ కూసుంటే ఒకటి, చేన్ల కలుపు తీస్తే ఒకటి. 'నీ అవ్వ బాయి కోసం మా రేగడి పాయె' అని నా బిడ్డ ముసలిదయ్యేదాక ఇనాలె. ఎండకాలం గొర్లు దూపకు ఓర్చుకుంటయో అమ్ముకుంటమో గని, గా మాట నా బిడ్డ ఓర్వది."

"మరి నీ మొగుడేమంటడు?"

"ఏమంటడు? ఆయన తవ్విన బాయి. కొన్ని దినాలు నాతోని మాట్లాడడు. ఎన్క గొర్లను అమ్ముదమంటడు." నవ్వడానికి చూసింది కానీ నవ్వు రాలేదు. "సారూ, నువ్వు మేడమ్‌కు చెప్పకు. చెప్తే నేనే చెప్పిచ్చిన అంటరు."

చెప్పనన్నాను. ఆ బావి ఆమెది, అబద్ధమూ ఆమెదే. నేను వేలు పెట్టే చోటు కాదు. కానీ బస్సులో వస్తున్నంత సేపూ మనసు నిలవలేదు.

నా ఉద్యోగమంతా ఇలాంటి బల్లల దగ్గరే గడిచింది. పక్క రాష్ట్రంతో కలిపే లైను ఏదైనా సరే, మొదటి మీటింగులోనే అందరికీ సరైన దారి ఏదో తెలిసిపోయేది. తెలిసినా ఎవరూ అనేవాళ్లు కాదు. ముందు అడిగినవాడు లోకువ. 'మీకే కదా అవసరం' అంటారు, షరతులు పెడతారు. అందుకని రెండు వైపులా వంకరదారి పటాలతో వచ్చి, పెద్దవాళ్లను అడిగి చెబుతామని లేచేవాళ్లం. పెద్దవాళ్లు అవతలివాళ్లు రాస్తే చూద్దామనేవాళ్లు. కరెంటుకు ఈ పట్టింపులు లేవు. కలిపిన తీగల్లో అది కొరత ఉన్న చోటికి దానంతటదే పారుతుంది. ఎక్కడో ఒక రాష్ట్రంలో ఎక్కువ వాడితే అన్ని రాష్ట్రాల యంత్రాలూ ఒకేసారి కాస్త నెమ్మదిస్తాయి. డప్పుల గుంపులో ఒకడు చెయ్యి నెమ్మది చేస్తే దరువంతా నెమ్మదించినట్టు. అందరం ఒకే దరువు మీద ఉన్నామని మా మీటర్లు చూపించేవి, మా ఉత్తరాలు మాత్రం ఒప్పుకునేవి కావు.

రాష్ట్రం వచ్చిన నాడు ఇంకో చిత్రం చూశాను. నల్లగొండ వైపు నుంచి సాగర్ అవతలికి పోయే తీగలు అంతకు ముందు దాకా ఒకే ఇంటి తీగలు. తెల్లారేసరికి అవి రెండిళ్ల మధ్య తీగలయ్యాయి. టవరు కదలలేదు, తీగ కదలలేదు. ఆ తీగ రెండు కొసల నుంచి ఫోన్‌లో మాట్లాడుకునే ఇద్దరు ఆపరేటర్లు మాత్రం, అంతకు ముందు "అన్నా, జర లోడు తగ్గియ్యి" అనుకునేవాళ్లు, ఆ రోజు నుంచి "గారు" అనడం మొదలుపెట్టారు. విడిపోయినందుకు నాకు బాధ లేదు, మనది మనకు రావాల్సిందే. కానీ వేరుపడ్డ ఇళ్ల మధ్య అడగడం ఎంత బరువో ఆ "గారు"లో వినపడింది.

ఈ ఇల్లాలి విషయంలోనూ అదే జరిగింది. ఆమె అడగదు. వియ్యంకుడు తనంత తాను ఇస్తాననలేదు. అక్కడ ఆయన మౌనం చూసి నాకు కొంచెం కోపమే వచ్చింది. ఆయన కొడుకు పెళ్లప్పుడు మగపెళ్లివాళ్లంతా కాళ్లు కడుక్కున్నది ఆ బావి నీళ్లతోనే. ఎండిన బావి కాదని ఆయనకు తెలియక కాదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మేడమ్ వచ్చి ఉంది. కర్ణాటక ఇంజనీరు జీపు కూడా వంతెన మీదుగా తిరిగి వచ్చింది. కూలీలు టవరు నాలుగు కాళ్లకూ ముగ్గు పోస్తున్నారు. మూడు గుర్తులయ్యాయి. నాలుగోది బావి ఒర మీదుగా తెల్లటి గీతలా పడింది. ఆ ఇల్లాలు దూరంగా, దూడను పట్టుకొని నిలబడింది. బొక్కెన, తాడు కనపడకుండా కంచె చాటున దాచిందని తర్వాత తెలిసింది.

అప్పుడు నది మీద పుట్టి కనిపించింది. గుండ్రంగా తిరుగుతూ వస్తున్న ఆ బుట్టపడవలో వియ్యంకుడు, ఆయన పక్కన పుట్టి అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకొని ఆయన భార్య. పుట్టి ఎక్కనంటే ఎక్కనని, పెళ్లి నాడు కూడా వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చిన మనిషి ఆమె.

ఒడ్డుకు దిగగానే ఆమె ఎవరినీ పలకరించలేదు. చేతిలో తమ ఇంటి బొక్కెన, తాడు ఉన్నాయి. నేరుగా బావి దగ్గరికి నడిచి, ముగ్గు తొక్కి, బొక్కెనను లోపలికి విసిరింది.

ఎండిన బావిలో పడితే రాయి చప్పుడు రావాలి. నీళ్ల చప్పుడు వచ్చింది. కూలీలు కూడా తలలెత్తి చూశారు. ఆమె బొక్కెన తోడి తెచ్చి మేడమ్ కాళ్ల ముందు పెట్టింది.

"ఇగో మేడమ్, ఎండిన బాయి నీళ్లు. తాగుండ్రి."

మేడమ్ నా వైపు చూసింది. నేను బొక్కెన వైపు చూశాను.

వియ్యపురాలు వెనక్కి తిరిగింది. "వదినా, గిన్ని దినాలసంది నా కోడలు పాలు పొంగిచ్చి పిల్లి తాగిందని చెప్పుడు ఏడ నేర్చిందా అనుకుంటుంటి. ఇయ్యాల తెల్సింది."

ఇల్లాలి ముఖం కందిపోయింది. "నేనేం అడగలే వదినా. అన్నను అడుగు, ఒక్క మాట అడగలే."

"అడగలే. అందుకే వచ్చిన." ఆమె మొగుడి వైపు చెయ్యి చూపించింది. "నిన్న వచ్చి గీయన కథంత చెప్పి, 'ఇంట్ల అడగకుంట ఎట్లిస్త, చేను నీ పేరు మీద ఉన్నది' అన్నడు. నేను చీ పో అన్న. నా అత్త నా చేతుల పెట్టిన చేను, ఎవరికిస్త? నీ బిడ్డ ఒక్క మాటనలే. పోయి రొట్టెలు చేయవట్టింది. ఒక్క రొట్టె మాడితే ఊకుంటి. అన్నీ మాడినయి. మాడిన రొట్టె తినుకుంట ఎంతసేపని మొండికేస్త?"

వియ్యంకుడు మీసం కింద నవ్వాడు. "నాకు రెండు పెట్టింది చెల్లె, రెండూ బొగ్గులే."

"నువ్వు ఊకో" అని ఆమె మేడమ్ దగ్గరికి వచ్చింది. "ఇస్త. గని నడి చేన్ల పెడితే ఒప్ప. తూర్పు మూలకు పెట్టుండ్రి. దున్నేటప్పుడు ట్రాక్టరు మలుగాలె."

కర్ణాటక ఇంజనీరు పటం తీశాడు. మేడమ్ తన పటం తీసింది. పెట్టుకోవడానికి బల్ల లేక రెండింటినీ బావి ఒర మీదే అంచుకు అంచు పరిచారు. మూలకు జరిపితే కొంచెం వంపు వస్తుంది, వెనక టవరుతో సర్దుకోవచ్చని లెక్క వేసుకున్నారు. తర్వాత మళ్లీ అదే చోట ఆగారు. ఎవరు ముందు రాయాలి?

మేడమ్ పెన్ను మూత తీసి, "నేనే అడుగుతాను సార్. మా వైపు నుంచి అభ్యర్థన అని రాస్తాను" అంది.

ఆయన ఆమె పెన్నుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కర్లేదు మేడమ్. ఇద్దరం చూశామని రాయండి. కింద నేనూ సంతకం పెడతాను. మా పెద్దవాళ్లకు నేను చెప్పుకుంటాను." పెద్దవాళ్లు ఏమంటారో ఆయనకూ తెలియదు, మేడమ్‌కూ తెలియదు. అయినా రాశారు.

"కాయితాలు తడుస్తయి, జర ఇవతలికి జరుపుండ్రి" అని వియ్యపురాలు బొక్కెన పక్కకు లాగింది. తర్వాత అందరికీ వినపడేలా, నడుం మీద చెయ్యి పెట్టుకొని అంది. "ఇనుండ్రి. నీ బాయి కోసం నా చేను మూల పాయె వదినా. అనేసిన. అయిపాయె. మళ్ల ఎన్నడన్న నా నోట్లకెల్లి గీ మాట వస్తే, నువ్వు పుట్టెక్కి వచ్చి నా నోట్లె గీ బాయి మట్టి కొట్టు. సాచ్ఛానికి గీ పెద్దసారున్నడు, రాసుకుంటడంట గద అన్నీ."

రాసుకుంటానన్నాను.

ఆ ఇల్లాలు దూడ తాడు వదిలి, మెల్లగా వచ్చి బొక్కెనలో కొంగు కొస తడిపింది. ఒర మీద పడిన ముగ్గు గీతను తుడవడం మొదలుపెట్టింది. ముఖం ఎవరికీ చూపించలేదు.

"మరి ఎండిందంటివి గద చెల్లె?" అన్నాడు వియ్యంకుడు ఊరుకోకుండా.

"నిన్న ఎండే ఉండె అన్నా" అంది ఆమె తుడుస్తూనే. "తెల్లారేసరికి ఊరినట్టున్నయి."